పేర్లు ఒకచోట, మార్కులు ఒకచోట

ఎక్సెల్‌లో మొత్తాలను బట్టి పట్టికను వరుసగా పేర్చడం ఎలాగో చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగారు. అయితే నా పరువు పోయిన సంగతే ముందు చెప్పాలి.

ఇక్కడ న్యూజెర్సీలో ఓ ఉగాదికి పిల్లలకు పద్యాల పోటీ పెట్టాం. మార్కుల పట్టిక నా పని. మొదటి కాలమ్‌లో పేర్లు, చూడ్డానికి బాగుంటుందని పక్కనే ఒక ఖాళీ కాలమ్, ఆ తర్వాత ఉచ్చారణ, ధారణ, భావం, చివర మొత్తం. మొత్తం గడిలో ఆ వరుసలోని మూడు మార్కులనూ కూడే ఫార్ములా. ఆ కాలమ్‌లో ఒక గడి మీద నొక్కి, పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేశాను. పైనున్న పేరు చదివేశాం, బహుమతి ఇచ్చేశాం. స్టేజి దిగాక జడ్జిగారు తన కాగితం చూపించి, "నేను 30కి 29 వేసింది ఈ బాబుకి కాదండీ, ఆ మూల కూర్చున్న పాపకి" అన్నారు.

జరిగిందేమిటంటే, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న గడులనే ఎక్సెల్ ఒక పట్టిక అనుకుంటుంది. పూర్తిగా ఖాళీగా ఉన్న కాలమ్ దానికి ప్రహరీ గోడ. గోడ ఇవతల మార్కులు కదిలాయి, అవతల పేర్లు ఉన్నచోటే ఉన్నాయి. కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి ఎన్నిసార్లు చూసినా తప్పు కనపడలేదు! మర్నాడు ఆ పాప ఇంటికి వెళ్ళి కప్పు ఇచ్చి వచ్చాను. బాబు దగ్గరున్నది వెనక్కి అడగడానికి మనసొప్పలేదు, ఇంకోటి కొన్నాను.

కాబట్టి మధ్యలో ఖాళీ వదలకండి. సార్ట్ చేసే ముందు పేర్లతో సహా పట్టికంతా ఎంచుకోండి. ఒక్క మొత్తాల కాలమ్‌నే ఎంచుకుంటే, మిగతావీ కలపమంటారా అని ఎక్సెల్ అడుగుతుంది. వద్దంటే తమాషాగా ఏమీ కదలదు. ఫార్ములా కొత్త వరుసలోకి వెళ్ళి అక్కడి మార్కులనే కూడుతుంది మరి.

ఫార్ములా తన వరుసలోని గడులనే వాడుకుంటే భయం లేదు. పై వరుసను చూసే ఫార్ములాలతోనే చిక్కు. చందాల లెక్కలో "నిన్నటి నిల్వకు ఇవాళ్టిది కలుపు" అని రాస్తాం చూడండి, దాన్ని సార్ట్ చేస్తే పైకి ఏ వరుస వస్తే దానికే కలుపుతుంది. అలాంటప్పుడు ఆ కాలమ్‌ను కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ ఎంచుకుని, ఫార్ములాల బదులు అంకెలే ఉంచి అప్పుడు సార్ట్ చేయండి. ఇది ఫైలు నకలులో చేయడం మంచిది, ఫార్ములాలు మళ్ళీ రావు.

ఇంకొకటి. సార్ట్ చేశాక ఎవరి మార్కులైనా దిద్దితే మొత్తం మారుతుంది గానీ వరుస మారదు, మళ్ళీ సార్ట్ చేయాల్సిందే. మైక్రోసాఫ్ట్ 365లోనూ ఎక్సెల్ 2021లోనూ సార్ట్‌బై అనే ఫంక్షన్ ఉంది. అది అసలు పట్టికను ముట్టుకోకుండా పక్కన వరుస పెట్టి చూపిస్తుంది, మార్కులు మారితే తనే సర్దుకుంటుంది. పాత ఎక్సెల్ ఉన్నవాళ్ళు మొదట్లోనే 1, 2, 3 అని ఒక కాలమ్ వేసుకోండి. ఎంత కలగాపులగం చేసినా, దాన్నిబట్టి సార్ట్ చేస్తే మొదటి వరుస తిరిగొస్తుంది. ఆ అంకెల కాలమ్ పక్కన మాత్రం ఖాళీ వదలకండేం!