నలుగురిలో చేసే సంతకం

సాయంత్రం వేళ రచ్చబండ వద్ద పదిమంది కూర్చుని ఉన్నారనుకోండి. మీ చిన్ననాటి స్నేహితుడు ట్రాక్టరు అప్పు పత్రం తెచ్చి, “అన్నీ పూర్తయ్యాయి, జామీను సంతకం నీదొక్కటే మిగిలింది” అంటాడు. అప్పు ఎంతో, వాయిదాలెన్నో మీకు తెలియదు. అడగాలని ఉంటుంది. కాని అందరూ చూస్తున్నారు. ఇన్నేళ్ళ స్నేహంలో ఇంత అనుమానమా అని ఎవరైనా అనుకుంటారేమోనన్న సంకోచంతో మీరు సంతకం చేస్తారు. అదే పత్రాన్ని అతడు మీ ఇంటి అరుగు మీద, ఎవరూ లేని సమయంలో మీ ముందుంచి ఉంటే బహుశా రెండుసార్లు చదివి ఉండేవారు.

పత్రం మారలేదు, స్నేహితుడు మారలేదు. మారినవల్లా చుట్టూ ఉన్న కళ్ళు. దీనికి మన భాషలో మొహమాటమని పేరుంది. దాని ఖరీదెంతో రుణగ్రహీతలు, డీలర్లు, జామీనుదారులు తెలుసుకొని ఉండడం మేలు.

చూసేవారుంటే చేతివేగం

1898లో అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ అనే పరిశోధకుడు, సైకిలు పందెగాళ్ళు ఒంటరిగా తొక్కేటప్పటికంటే పోటీలో ఎక్కువ వేగంగా పోవడం గమనించాడు. కారణం తెలుసుకొనడానికి పిల్లల చేత గాలపు దారం చుట్టే చక్రాలు తిప్పించాడు. పక్కన మరొకరు తిప్పుతూ ఉంటే చాలామంది వేగం పెంచారు. కొందరు మాత్రం తడబడి వెనుకబడ్డారు. వరినాట్ల వరుసలో నడుము వంచిన కూలీలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. పక్కనున్న చేయి జోరుగా కదిలితే మన చేయి కూడా కదులుతుంది.

అయితే చేయి కదలడం వేరు, బుద్ధి లొంగడం వేరు. 1951లో సాలమన్ యాష్ అనే శాస్త్రజ్ఞుడు కొందరు విద్యార్థులను కూర్చోబెట్టి, ఒక గీతతో సమానమైన గీత మూడింటిలో ఏదో చెప్పమన్నాడు. వారిలో ఒక్కడు తప్ప మిగిలినవారందరూ ముందే కూడబలుక్కొన్నవారు. కావాలని తప్పు జవాబు చెప్పారు. ఒంటరిగా అడిగితే దాదాపు తప్పే చేయని మనుషులు, నలుగురి మధ్య సుమారు మూడోవంతు సందర్భాలలో కళ్ళెదుట ఉన్న నిజాన్ని వదలి గుంపుతో గొంతు కలిపారు. “నలుగురితో నారాయణ, గుంపులో గోవిందా” అన్న మన సామెతకు ఇంతకన్న నిదర్శనం లేదు. యాష్ మరొక సంగతి కూడా కనుగొన్నాడు. ఆ గుంపులో ఒక్కరైనా సరైన జవాబు చెప్పినపుడు, ఈ తప్పులు నాలుగోవంతుకు తగ్గాయి. ఒక్క గొంతు చాలు, రెండోవానికి ధైర్యం రావడానికి.

సంఘం ఇచ్చే బలం

ఈ ధైర్యం మన నేలకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణానికి ఎదురు నిలిచారు. తాగి వచ్చిన భర్తను ఒంటరిగా ఇంట్లో ఎదిరించలేని ఇల్లాలు, పదిమంది తోడు ఉండగా దుకాణం ముందు నిలబడగలిగింది. ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి 1993లో సారా నిషేధానికి దారితీసింది. నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు ఈ చైతన్యం నుండే ఎదిగాయి. అదే 1992లో నాబార్డు 500 స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగం ప్రారంభించింది. పొరుగున బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనస్ 1976లో జోబ్రా గ్రామంలో మొదలుపెట్టిన పని, అయిదుగురు సభ్యుల బృందాల ఆధారంగా 1983 నాటికి గ్రామీణ్ బ్యాంకుగా రూపొందింది.

ఆస్తి తాకట్టు లేని ఈ అప్పులు తిరిగి రావడానికి తోటివారి భయమే కారణమని చాలామంది అనుకుంటారు. కోల్‌కతాలో ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే తదితరులు జరిపి 2013లో ప్రచురించిన పరిశోధన వేరే సంగతి చెబుతున్నది. అక్కడ ఒకరి అప్పుకు మరొకరు జామీను కారు. అయినా మొదటి అప్పు కాలంలో నెలకొకసారి కాక వారం వారం కలుసుకున్న స్త్రీలు, తరువాతి అప్పును మరింత సక్రమంగా చెల్లించారు. తరచుగా కలిసినవారి మధ్య పరిచయం పెరిగి, ఇబ్బంది వేళ ఒకరినొకరు ఆదుకొన్నారు. వారికి కలిసివచ్చినది సాటివారి తోడు.

అదే బలం బరువైనపుడు

తోడును భయంగా మార్చితే ఏమవుతుందో కూడా మనం చూశాము. 2010 నాటికి ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో ఒకే ఇల్లాలికి మూడు, నాలుగు సూక్ష్మరుణ సంస్థల అప్పులు ఉండడం కద్దు. వాయిదా తప్పితే సాటి సభ్యులనే ఆమె గడప ముందు కూర్చోబెట్టిన సంఘటనలు, అవమాన భారంతో జరిగిన ఆత్మహత్యలు వార్తలకెక్కాయి. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి బలవంతపు వసూళ్ళను నిషేధించింది. నిన్నటి దాకా పక్కన కూర్చుని పొదుపు లెక్క రాసిన మనిషి వసూలుదారు పాత్రలోకి వెళ్ళగానే కఠినంగా మాట్లాడింది. ఆమె స్వభావం ఒక్క రాత్రిలో మారలేదు. ఆమెకు అప్పగించిన పాత్ర మారింది.

డీలర్ల దుకాణంలో కూడా ఇదే జరుగుతుంది. ముందున్న రైతు రెండు డబ్బాల మందు తీసుకొంటే, ఒకటి చాలునని తెలిసిన వెనుకటి రైతు కూడా రెండు అడుగుతాడు. అరువు ఖాతా కనుక ధర అడగడానికి సిగ్గుపడతాడు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఎరువు కొన్నవారికి నగదుకైనా అరువుకైనా బిల్లు ఇవ్వడం డీలరు విధి. రైతు అడగకముందే బిల్లు చేతికిచ్చి, “మీ పొలానికి ఇంత చాలును” అని నలుగురిలో చెప్పే డీలరు, తన గల్లాపెట్టెకు కొంచెం తగ్గినా ఖాతాలో మొండి బాకీని తగ్గించుకొంటాడు.

మీరు చేయదగినవి

జామీను సంతకం సాక్షి సంతకం కాదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. మీరు చెల్లించిన సొమ్మును అతని నుండి రాబట్టుకొనే హక్కు మీకున్నది గాని, అందుకు తిరగవలసినది మీరే.

కావున పత్రాన్ని ఒక రాత్రి ఇంట ఉంచుకొండి. అసలు, వడ్డీ, వాయిదాలు ఇంటిల్లిపాదికి చదివి వినిపించండి. మొహమాటపడి కాదనలేకపోతే, “ఇంట్లో అడిగి చెబుతాను” అనడానికి సంకోచించకండి. సంఘ సమావేశంలో కొత్త అప్పు తీర్మానించే ముందు, అభ్యంతరాలు చెప్పే పనిని ప్రతిసారీ ఒక సభ్యురాలికి అప్పగించండి. అది ఆమె పాత్ర అయినపుడు ఎవరూ తప్పు పట్టరు. నాయకత్వం, లెక్కల పుస్తకం ఏటేటా చేతులు మారనివ్వండి. ఇంట్లో నోరు విప్పని మనిషి పుస్తకం చేతికి రాగానే ప్రశ్నించడం నేర్చుకొంటుంది.

రేపు రచ్చబండ వద్ద మరొకరి ముందు పత్రం ఉండవచ్చు, మీరు చూసేవారిలో ఒకరై ఉండవచ్చు. అప్పుడు, “చదివి చెయ్యి, తొందరేముంది?” అని ఒక్క మాట అనండి. సంతకం చేయబోయే చేతికి ఆ మాట ఎంతో తోడవుతుంది.