నూనె రాసినా తుపాకీ గొట్టానికి తుప్పు ఎందుకు?

జంషెడ్‌పూర్ నుంచి ఖర్కై నది దాటితే ఆదిత్యపూర్. కర్మాగారాల ఊరు. వానాకాలం వస్తే ఇనుముకు గడ్డుకాలమే. తేమ లోహాన్ని ఎలా తినేస్తుందో, 1960లో ఇక్కడ మొదలైన విద్యాసంస్థ, నేటి ఎన్ఐటీలో, లోహశాస్త్ర విద్యార్థులు చదువుకుంటారు. ఆ పాఠానికి చక్కటి ఉదాహరణ రైఫిల్ గొట్టం.

గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. మన పోలీసులు దశాబ్దాలు వాడిన .303 రైఫిల్‌లో సాధారణంగా ఇవి ఐదు. తూటా వాటిని ఒరుసుకుని గిర్రున తిరుగుతూ వెళ్తుంది కాబట్టే దారి తప్పదు. ఈ గాడులు తుప్పుతో గుంటలు పడితే గురి చెడుతుంది.

అసలు శత్రువు ఉప్పు

పేల్చిన తర్వాత గొట్టంలో మసి, తూటా తొడుగు నుంచి రాలిన లోహం మిగులుతాయి. పాతరకం తూటాలైతే మరొకటి కూడా: ఉప్పు. వాటి ప్రైమర్‌లోని పొటాషియం క్లోరేట్ మండినప్పుడు పొటాషియం క్లోరైడ్‌గా మారుతుంది. ఇది మన వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. గాలిలోని తేమను పట్టుకుంటుంది. ఆ ఉప్పునీటిలో తుప్పు చర్య వేగంగా సాగుతుంది.

ఉప్పు పులుసులో కరుగుతుంది, తాలింపు నూనెలో కరగదు. ఇక్కడా అంతే. నేరుగా నూనె పూస్తే ఉప్పు దాని కింద అలాగే ఉండిపోతుంది. అందుకే బ్రిటిష్ కాలపు సైనికులు గొట్టంలో మరిగే నీళ్లు పోసేవారు. ఉప్పు కరిగి పోతుంది, వేడెక్కిన గొట్టం త్వరగా ఆరుతుంది. ఆ తర్వాతే పలుచగా నూనె.

వరుస తప్పకూడదు

ముందుగా రైఫిల్ ఖాళీగా ఉందని నిర్ధారించుకోవాలి. వీలైనంత వరకు కడ్డీని తూటా పెట్టే వైపు నుంచే దూర్చాలి. గొట్టం మూతి అంచు అరిగితే గురి మారుతుంది. రాగి పట్టి ఉంటే అమ్మోనియా కలిసిన ద్రావణం దాన్ని కరిగిస్తుంది. గుడ్డకు అంటే నీలిరంగే అందుకు గుర్తు. మళ్లీ పేల్చే ముందు గొట్టం పొడిగా తుడిచి, లోపల గుడ్డముక్క మిగల్లేదని చూడాలి. అడ్డం ఉంటే గొట్టం పగిలి ప్రాణం మీదికి రావచ్చు. పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ మసిలో సీసం ఉంటుంది.

నేటి తూటాల ప్రైమర్లలో చాలావాటిలో క్లోరేట్ లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనైతే మందుగుండే ఉండదు. కనుక ఉప్పు బెడదా లేదు, నీటి అవసరమూ లేదు. ఏం శుభ్రం చేయాలో లోపల మిగిలిన పదార్థాన్ని బట్టే తేలుతుంది.