యార్డు పక్కన ఆరోగ్య పాఠం
రైల్వే ఊళ్లోని తెలుగు పిల్లలకు సమాజ ఆరోగ్యం చదివే దారులు దగ్గర్లోనే ఉన్నాయి. చిక్కల్లా అర్హతల దగ్గరే

గూడ్సు బళ్లు లేని నిమ్‌పురాను ఊహించడం కష్టం. వ్యాగన్లు ఈ మార్షలింగ్ యార్డులో విడిపోయి, మళ్లీ జతకట్టి సాగిపోతుంటాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతబట్టుకుని ఖరగ్‌పూర్ చేరిన కార్మికుల మనవలు, మునిమనవలు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. 1927 నాటి ఖరగ్‌పూర్ సమ్మెలో వి.వి. గిరి వెంట నడిచింది ఆ తాతల తరమే.

దుమ్ము, చప్పుడు, మురుగు, దోమలు. ఇంట్లో ఇవి ఫిర్యాదులు, విశ్వవిద్యాలయంలో పాఠ్యాంశాలు. ఏ వీధిలో ఎంతమంది దగ్గుతున్నారు, వారు ఏ గాలి పీలుస్తున్నారు, ఏ నీళ్లు తాగుతున్నారు అని లెక్కకట్టి కారణం తేల్చడమే సమాజ, పర్యావరణ ఆరోగ్య శాస్త్రం. డాక్టరు రోగిని పరీక్షిస్తే, ఈ చదువు చదివినవారు వీధిని పరీక్షిస్తారు.

అన్నిటికన్నా దగ్గరి దారి కంసావతి నది అవతల, మేదినీపూర్‌లో ఉంది. 1981 నాటి విద్యాసాగర్ విశ్వవిద్యాలయానికి ఓ అలవాటుంది: ప్రతి సబ్జెక్టుకూ పల్లెకు పనికొచ్చే తోక తగిలించడం. రాజనీతి శాస్త్రానికి గ్రామీణ పాలన, ఆర్థికశాస్త్రానికి గ్రామీణాభివృద్ధి. అదే వరసలో మానవ ఫిజియాలజీకి సమాజ ఆరోగ్యాన్ని జతచేసి ఎమ్మెస్సీ మొదలుపెట్టింది. పేర్లు వింతగా తోచినా ఆలోచన మంచిదే. ఎంబీబీఎస్ అక్కర్లేదు, బీఎస్సీలో ఫిజియాలజీ చదివినవారికి ఇది సహజమైన మెట్టు.

మిగతా తలుపులు అంత తేలిగ్గా తెరుచుకోవు. ఊళ్లోనే ఉన్న ఐఐటీ 2001లో వైద్య శాస్త్ర, సాంకేతిక విభాగం పెట్టింది గానీ, దాని మూడేళ్ల మాస్టర్స్ కోర్సు ఎంబీబీఎస్‌లకే. కోల్‌కతాలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో 1932లో వెలసిన ఆలిండియా హైజీన్, ప్రజారోగ్య సంస్థలోనూ ప్రజారోగ్య డిప్లొమా డాక్టర్లదే. ఇంజినీర్లకు మాత్రం అక్కడ ప్రజారోగ్య ఇంజినీరింగ్ ఉంది. డాక్టర్లు కానివారికి ఎంపీహెచ్ కావాలంటే హైదరాబాద్ వైపు చూడొచ్చు: సెంట్రల్ యూనివర్సిటీ, లేదా 2008లో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్.

చదివాక? తమిళనాడులో లాగా ప్రజారోగ్యానికి ప్రత్యేక కేడర్ ఉన్న రాష్ట్రాలు తక్కువ. చాలామందికి దొరికేది ఏటా పొడిగించే కాంట్రాక్టు కొలువు. రైల్వే ఉద్యోగపు భద్రత మధ్య పెరిగిన ఇళ్లలో ఇది చిన్న అభ్యంతరం కాదు.

అయినా నిమ్‌పురా విద్యార్థికి ఓ బలముంది. ఈ రాష్ట్రంలో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. హోదా సంగతి అలా ఉంచితే, సర్వేలో భాషే అసలు పనిముట్టు. ప్రశ్నావళిలో ఆయాసం వేరు, పిల్లికూతలు వేరు. తెలుగు తప్ప మరో భాషలో జబ్బు చెప్పుకోలేని ముసలమ్మ నుంచి ఆ తేడా రాబట్టాలంటే కోల్‌కతా పరిశోధకుడికి దుబాసీ కావాలి. ఆమె మనవరాలికి అక్కర్లేదు. కాకపోతే డిగ్రీలో ఏ సబ్జెక్టు తీసుకుంటే ఈ దారి పడుతుందో, ఆ పిల్ల పన్నెండో తరగతిలో ఉండగానే ఎవరో ఒకరు చెప్పాలి.