కూలీ ఆరోగ్యానికి సగటు లెక్క చాలదు – పేట లెక్క కావాలి

ఆశా కార్యకర్త మన గుమ్మంలోకి వస్తుంది. కడుపుతో ఉన్నదెవరు, మంచాన పడిందెవరు అని అడిగి రాసుకుంటుంది. ఏఎన్ఎం వేలు గుచ్చి రక్తం చూస్తుంది. అంగన్‌వాడీలో పిల్లల్ని తూస్తారు. ఈ లెక్కలన్నీ ఊరి నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకి, అక్కణ్ణుంచి రాజధానికి పోతాయి. తిరిగొచ్చి మన పేటలో ఎవరైనా చదివి వినిపించారా? మన నెత్తురు చూసి రాసిన లెక్క మనకే తెలియకపోతే అది ఎవరి కోసం? కర్లపాలెం మండలంలోని వ్యవసాయ కూలీలు అడగవలసిన ప్రశ్న ఇదేనని మేము భావిస్తున్నాం.

సగటు చాటున ఏముంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015–16లో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 60 మందికి రక్తహీనత. 2019–21 సర్వే నాటికి అది 58.8. తగ్గింది కేవలం ఒక పాలు! ఆర్నెల్లు దాటి ఐదేళ్లలోపు ఉన్న పిల్లల్లోనైతే 58.6 నుంచి 63.2కు పెరిగింది. అన్నపూర్ణ అని పేరుపడిన రాష్ట్రంలో పసిబిడ్డల పరిస్థితి ఇది.

ఇదైనా సగటే. సగటంటే ఏమిటి? మోతుబరి ఇంట్లో మనిషికి రెండు గుడ్లు, కూలి ఇంట్లో సున్నా అయితే, తలా ఒక గుడ్డు తిన్నట్టు కాగితం చెబుతుంది. దేశం మొత్తం మీద ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు నూటికి 35.5 అని అదే సర్వే చెప్పింది. విడదీసి చూస్తే, అందరికంటే పేదలైన ఐదోవంతు కుటుంబాలలో 46, అందరికంటే కలిగిన ఐదోవంతు కుటుంబాలలో 23. అసలు నిజం ఇక్కడుంది!

ఇక మన సంగతి చూద్దాం. ఆ సర్వే జరిగేనాటికి బాపట్ల జిల్లా లేనే లేదు. అది ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు కర్లపాలెం గుంటూరు జిల్లాలో ఉండేది. అంటే మన కూలిపేటల ఆరోగ్యాన్ని గుంటూరు నగరంతో కలిపి లెక్కగట్టారు. పైగా రాష్ట్రమంతటా చూసిన ఇళ్లు 11 వేల పైచిలుకు మాత్రమే. అప్పటి 13 జిల్లాలకూ పంచితే జిల్లాకు తొమ్మిది వందల ఇళ్లు కూడా రావు. జిల్లా తీరు తెలుసుకోవడానికి అది చాలు. మన పేట గోడు అందులో వినపడదు. దానికి ఊళ్లో ఉన్న రిజిస్టర్లే ఆధారం.

లెక్క ఉంటే చాలా?

చాలదు. పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, అక్కడి నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్ని వంచేస్తోందని వైద్యులు రాశారు. దేశంలో ఆ జబ్బును శాస్త్రీయంగా నమోదు చేయడం అదే మొదలు. అయినా తరాల తరబడి జనం ఆ నీళ్లే తాగారు. జబ్బు సంగతి వైద్య పత్రికల్లో ఉంది, మంచినీళ్లు మాత్రం బిందెలోకి రాలేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇంకో పాఠం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో మూత్రపిండాల జబ్బు ఎంతమందిని పట్టిందో ఊరూరా పరీక్షలు చేసి తేల్చారు. జనం ఆ లెక్కను పట్టుకుని ఏళ్ల తరబడి అడిగారు. డయాలిసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, ఉద్దానానికి మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ లెక్కా పోరాటమూ కలిస్తేనే పాలకులు కదులుతారని తేలింది.

మనం చేయవలసింది

మాట వరసకి, ఒక ఊళ్లో 40 మంది గర్భిణులున్నారనుకుందాం. 20 మందికి రక్తహీనత అంటే సగమే కదా అంటారు. పేటలవారీగా చూస్తే ఊరి నడుమ 20 మందిలో ఐదుగురికి, కాలనీలో 20 మందిలో 15 మందికి అని తేలితే? అప్పుడు అందరికీ ఒకే మంత్రం వేస్తే కుదరదు. నాట్లకూ కలుపుకూ వెళ్లే ఆడమనిషి తెల్లారేసరికి చేలో ఉంటుంది. పదింటికి వచ్చే వైద్యం ఆమెకెలా అందుతుంది? కాలనీలో సాయంత్రం పూట పరీక్షలు పెట్టమని అడిగే హక్కు ఆ లెక్కే మనకిస్తుంది.

అందుకని గ్రామసభలో ఈ వివరాలు పేటలవారీగా చదివించాలి. గర్భిణులలో రక్తం 11 గ్రాముల లోపున్న వాళ్లెందరు? ప్రాణం మీదికి తెచ్చే 7 గ్రాముల లోపున్న వాళ్లెందరు? బరువు తక్కువ పిల్లలెందరు? ఏ వయసువాళ్లు, దేనివల్ల చనిపోతున్నారు? పేర్లు అక్కర్లేదు. ఎవరి జబ్బూ పదిమందిలో పెట్టకూడదు. మొత్తాలు చాలు. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు చెప్పాలి.

మన వంతు పని కూడా ఉంది. ఇంట్లో పుట్టుకైనా చావైనా 21 రోజుల్లో రాయించాలి. రాయని చావు లెక్కకు రాదు. లెక్కకు రాని చావుకు ఎవడూ జవాబు చెప్పడు.

ఆశా, ఏఎన్ఎంలు మన శత్రువులు కారు. వాళ్లూ చాలీచాలని జీతాలకు చాకిరీ చేసేవాళ్లే. వాళ్లని నిలదీయడం కాదు, వాళ్లు రాసిన నిజాన్ని పట్టుకుని పైవాళ్లను నిలదీయాలి. కూలి రేటు లెక్క తెలిశాకే కూలి కోసం పోరాడాం. ఇప్పుడు ఒంటి లెక్క కూడా నేర్చుకుందాం.