మిగిలిన 34 క్లస్టర్లు ఎక్కడికి పోయాయి?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట దాకా ఏ కోచింగ్ సెంటర్ బోర్డు చూసినా జావా, పైథాన్, ఫుల్‌స్టాక్, ఏఐ. పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేసే సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతుందో చెప్పే బోర్డు మాత్రం కనపడదు. సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ వైపు వెళ్లాలనుకుంటే ముందు చూడాల్సింది అదే. అందులో ఒక్క భాగహారం తేడా వస్తే ఫైళ్లు గల్లంతవుతాయి.

ఫార్మాట్ అంటే తుడిచేయడం అనుకుంటాం. నిజానికి అది కొత్త ఖాతా పుస్తకం తెరవడం. ఫ్యాట్32లో డిస్క్‌ని క్లస్టర్లుగా విడగొడతారు. ఏ ఫైల్ ఏయే క్లస్టర్లలో ఉందో రాసుకునే పట్టికే ఫ్యాట్. ఒక్కో క్లస్టర్‌కి 4 బైట్ల ఎంట్రీ, అంటే 512 బైట్ల సెక్టార్‌లో 128 ఎంట్రీలు. లక్ష క్లస్టర్లున్నాయనుకోండి. మొదటి రెండు ఎంట్రీలు రిజర్వుడ్ కాబట్టి 1,00,002ని 128తో భాగించాలి. 781 వస్తుంది, 34 మిగులుతాయి.

సీ భాషలో పూర్ణాంకాల భాగహారం ఆ శేషాన్ని చప్పుడు లేకుండా వదిలేస్తుంది. 781 సెక్టార్లే ఇస్తే చివరి 34 క్లస్టర్లకు పట్టికలో చోటుండదు. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోకముందు అక్కడ ఏ హమాలీని అడిగినా చెప్పేవాడు, మిగిలిన 34 కాయలకూ ఇంకో పెట్టె కావాలని!

సరిచేయడం ఒక్క లైన్ పని. ముందు 127 కలిపి, తర్వాత 128తో భాగిస్తే 782 వస్తుంది. అసలు చిక్కు వేరే ఉంది. పట్టిక పెరిగితే క్లస్టర్లకు చోటు తగ్గుతుంది, క్లస్టర్లు తగ్గితే అంత పట్టిక అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ తన ఫ్యాట్ స్పెసిఫికేషన్‌లో ఇచ్చిన సూత్రం కూడా పక్కా కాదు. ఫ్యాట్32కి ఒక్కోసారి 8 సెక్టార్ల దాకా ఎక్కువ చూపిస్తుందని, తక్కువ మాత్రం ఎప్పుడూ చూపదని వాళ్లే రాశారు. నా లెక్కలో అది సరైన బేరమే. పోయేది కొన్ని కేబీలు, మిగిలేది ఫైళ్లు.

అలాగని అన్నిచోట్లా పైకి సవరించకూడదు. డిస్క్ మొత్తం సైజును పైకి సవరిస్తే లేని సెక్టార్లలో రాయబోతాం. లైనక్స్‌లో ఫ్యాట్ ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్ఎస్ డాట్ ఫ్యాట్ 1024 బైట్ల బ్లాకుల్లో లెక్కేస్తుంది. చివర్లో ఒంటరిగా మిగిలే సెక్టార్ కోసం కోడ్‌లో వేరే వేరియబుల్ పెట్టారు, పేరు 'ఆర్ఫన్డ్ సెక్టార్స్'. అనాథ సెక్టార్లన్నమాట.

ఇలాంటి బగ్ డిస్క్ దాదాపు నిండేదాకా బయటపడదు. అందుకే పెన్‌డ్రైవ్‌తో పరీక్షించి లాభం లేదు. ట్రంకేట్ కమాండ్‌తో ఖాళీ ఇమేజ్ ఫైళ్లు చేయండి. శేషం సున్నా వచ్చే సైజు ఒకటి, దానికి ఒక క్లస్టర్ తక్కువ ఒకటి, ఒకటి ఎక్కువ ఒకటి. ఫార్మాట్ చేసి ఎఫ్ఎస్‌సీకే నడిపితే ఎంట్రీలకు చోటు చాలకపోతే చెప్పేస్తుంది. డాస్‌ఎఫ్‌ఎస్‌టూల్స్, ఈ2ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ రెండింటి కోడూ ఉచితమే. పాత ల్యాప్‌టాప్ చాలు. ప్యాచ్ పంపేటప్పుడు ఆ మూడు సైజుల పరీక్ష కూడా జతచేయండి, చదివేవాళ్లు ముందు దాన్నే నడిపి చూస్తారు.