హైదరాబాద్ ద్రాక్ష, చెన్నై వంజరం

తెల్ల వైన్ అనగానే షార్డొనే లాంటి ఫ్రెంచి పేర్లే ముందు వినిపిస్తాయి. చెన్నైకి దాదాపు 350 కిలోమీటర్ల దూరాన, బెంగళూరు శివారు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన 'అర్క సోమ' పేరు మాత్రం ద్రాక్ష రైతులు, శాస్త్రవేత్తలు దాటి బయటికి రాలేదు. దాని తల్లి మన హైదరాబాద్ ద్రాక్షే: అనాబ్-ఎ-షాహి.

1890లో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌కు తెచ్చిన రకమిది. గింజలున్న కోల పండ్లు, బాగా పండితే తేనెరంగు. హెక్టారుకు సగటున 35 టన్నులు కాసే ఈ తీగ ఎందరో రైతుల పందిళ్లను నింపింది. బూజు తెగులుకు తేలిగ్గా లొంగిపోవడం దాని బలహీనత. గింజలేని థాంప్సన్ వచ్చాక జనం కూడా అటే మొగ్గారు.

వైన్‌కు అనాబ్-ఎ-షాహిని నేరుగా వాడితే చిక్కు తీపి దగ్గరే వస్తుంది. రసంలో కరిగిన ఘనపదార్థం, అంటే ఎక్కువగా చక్కెర, 14 నుంచి 16 శాతమే. వైన్ ద్రాక్షను సాధారణంగా అది 20 దాటాకే కోస్తారు. పులిసేటప్పుడు మద్యంగా మారేది ఆ చక్కెరే కాబట్టి, అది తక్కువైతే వైన్ పలచబడుతుంది. అందుకే శాస్త్రవేత్తలు దీన్ని హంగరీ రకమైన 'క్వీన్ ఆఫ్ ది వైన్‌యార్డ్స్'తో సంకరం చేశారు. అలా వచ్చిన అర్క సోమది కండగల పండు, మస్కట్ పరిమళం దాని సొత్తు. తియ్యటి తెల్ల వైన్‌కు పనికొస్తుందని సంస్థే చెబుతుంది. అదే సంస్థ రూపొందించిన అర్క కాంచన్‌కూ తల్లిదండ్రులు ఇవే. అర్క హన్స్‌కు మాత్రం అనాబ్-ఎ-షాహి తండ్రి, బెంగళూరు బ్లూ తల్లి.

ఇక వంటల సంగతి. మన భోజనంలో కారం ముందు, పులుపు పక్కనే. ఎర్ర వైన్‌లోని వగరు, ఎక్కువ మద్యం మిరప మంటను ఇంకా రేపుతాయి. కాస్త తీపి, పూల వాసన ఉన్న చల్లటి తెల్ల వైన్ ఆ మంటను తగ్గిస్తుంది. మిరియాలు, కారం పట్టించి పెనం మీద ఎర్రగా కాల్చిన వంజరం చేప ముక్కకు, చెట్టినాడు కోడికి ఇలాంటిదే నప్పుతుంది. చింతపండు పులుసు సంగతి వేరు. వైన్‌లో అంతకు తగ్గ పులుపు లేకపోతే గ్లాసులోది చప్పగా తోస్తుంది. పాయసం, పూతరేకుల పక్కన పెట్టాలంటే మిఠాయి కన్నా వైనే తియ్యగా ఉండాలి, లేదంటే అది పుల్లగా అనిపిస్తుంది. అందుకే అతి తీపి మిఠాయిల కన్నా లేత కొబ్బరి పాయసమే అర్క సోమ వైన్‌కు మంచి జోడీ.

అర్క సోమ సీసా చేతికందని చోట, నాసిక్‌లో షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసే వైన్లలో కొంచెం తీపి మిగిల్చినవి దగ్గరి బదులు. నాసిక్‌లోని సులా సంస్థ 2000లో తొలి వైన్లు విడుదల చేసినప్పటి నుంచీ ఈ ఫ్రెంచి ద్రాక్ష మన దేశంలో నిలదొక్కుకుంది. దక్షిణాది వైన్ తయారీదారులు అదే శ్రద్ధ అర్క సోమ మీద కూడా పెట్టాలి. ఆ పేరు సీసా మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేసి, చెన్నై చేపల భోజనశాలల ముందుకు తేవాలి.