మౌల్వీ బాకర్ పత్రిక

1857 సెప్టెంబరు 14న ఆంగ్ల సేనలు కశ్మీరీ దర్వాజాను పేల్చివేసి ఢిల్లీలో ప్రవేశించాయి. రెండు రోజులకే, 16వ తేదీన, ఒక పత్రికా సంపాదకుని ప్రాణం తీశాయి. ఆయనే మౌల్వీ ముహమ్మద్ బాకర్.

ఢిల్లీ కళాశాలలో విద్య నేర్చి, అక్కడే బోధించి, కొంతకాలం కంపెనీ రెవెన్యూ కొలువు కూడా చేసిన ధార్మిక విద్వాంసుడాయన. 1830వ దశకంలో ప్రారంభమైన ‘దెహ్లీ ఉర్దూ అఖ్బార్’ ఆయన జీవితకృషి. మే 11న మీరట్ సిపాయిలు నగరానికి చేరినప్పుడు తుపాకుల మోత విని ఆయన స్వయంగా వీధిలోకి వెళ్లారు. కన్నదంతా ఖుర్ఆన్ ఆయతులు ఉటంకిస్తూ మే 17 సంచికలో రాశారు. జూలైలో చక్రవర్తి పేరిట పత్రికకు ‘అఖ్బారుజ్జఫర్’ అని నామకరణం చేశారు.

అయినా ఆయన స్వపక్షానికి వంతపాడలేదు. చాందినీచౌక్ మిఠాయిలు రుచి మరిగిన ‘తిలంగాల’కు పోరాట పటిమ సడలుతోందని నిర్మొహమాటంగా రాశారు. (కంపెనీ తొలినాళ్లలో తెలుగునాట సైనికులను చేర్చుకున్నందువల్ల ఢిల్లీ ప్రజలు సిపాయిలందరినీ తిలంగాలనే పిలిచేవారు!) హిందువులపైకి ముస్లిములను ఉసిగొల్పే ప్రకటనలు నగరంలో వెలసినప్పుడు వాటిని తన పత్రికలోనే ఖండించారు. శత్రువుకు ఈ ఐక్యతాబోధ ఫిరంగికన్నా ప్రమాదకరంగా తోచి ఉంటుంది.

కళాశాల ప్రిన్సిపాల్ టేలర్ హత్యలో ఆయనకు భాగముందన్నది ఆరోపణ. టేలర్ ఆయనకు చిరకాల పరిచితుడు. తిరుగుబాటు తొలిరోజుల్లోనే టేలర్ అల్లరిమూక చేతిలో హతుడయ్యాడు. ఆ ఉదంతాన్ని ఒక్కొక్కరు ఒక్కోవిధంగా చెబుతారు. మౌల్వీ సాహెబ్‌ను ఫిరంగితో పేల్చారని కొందరు, తుపాకితో కాల్చారని కొందరు అంటారు. ఆయన అసలు నేరం పత్రికే అనుకోవడానికి మాత్రం ఆ నాలుగు నెలల సంచికలే చాలు.

కుమారుడు ముహమ్మద్ హుసైన్ ఆజాద్ గుర్రపు సాయీసు వేషంలో వెళ్లి, బందీల నడుమ ఉన్న తండ్రిని దూరం నుంచి కడసారి చూశారని ఆ కుటుంబంలో చెప్పుకుంటారు. కళ్లు కలిశాయట. పలకరించడానికి వీల్లేదు. తండ్రి చేతులెత్తి దుఆ చేశారట.

ఆంగ్ల సైనికులు ఇంట్లోంచి వెళ్లగొట్టినప్పుడు ఆజాద్ వెంట తీసుకెళ్లింది నగలు కాదు, తన గురువూ, తండ్రి ఆప్తమిత్రుడూ అయిన కవి జౌఖ్ గజళ్ల కట్ట. సంవత్సరాల తరబడి ఊరూరా తిరిగి ఆయన చివరకు లాహోర్ చేరారు. ఉర్దూ కవుల చరిత్ర ‘ఆబె హయాత్’ను 1880లో అక్కడే వెలువరించారు.